జపనీస్ మెదడువాపు వైరస్, పక్షులు: పరిశోధన పత్రాలను వడపోసే పద్ధతి

జపనీస్ మెదడువాపు వైరస్‌కు పక్షులు ఆతిథేయులవుతున్న తీరుపై వచ్చిన పత్రాలను వడపోయడానికి కూర్చునే ముందు, ఆతిథేయి (వైరస్‌కు ఒంట్లో చోటిచ్చే జీవి) అన్న మాటను ఏ అర్థంలో వాడబోతున్నారో కాగితం మీద రాసి పెట్టుకోవాలి. దోమ కుట్టగా వైరస్ ఒంట్లో చేరిన పక్షి వేరు, కుట్టిన మరో దోమకు అంటేంతగా ఆ వైరస్‌ను తన రక్తంలో పెంచుకున్న పక్షి వేరు. మనుషుల్లో, గుర్రాల్లో వైరస్ దోమకు తిరిగి అంటేంత స్థాయికి సాధారణంగా చేరదు. పందుల్లో, కొంగజాతి పక్షుల్లో చేరుతుంది.

వెతికేటప్పుడు పాత పేర్లను మరువకూడదు. ఒకప్పటి పత్రాల్లో ఈ జబ్బు ‘జపనీస్ బి ఎన్‌సెఫలైటిస్’గా కనిపిస్తుంది, వైరస్ ప్రజాతి పేరు కూడా ఫ్లావివైరస్ నుంచి ఆర్థోఫ్లావివైరస్‌గా మారింది. పక్షులను వాడుక పేరుతోనూ, శాస్త్రీయ నామంతోనూ వెతకాలి. పొలాల్లో పశువుల వెంట తిరిగే తెల్లకొంగ పాత పత్రాల్లో ‘బుబుల్కస్ ఐబిస్’గా ఉంటుంది. ఊళ్ల పేర్లదీ ఇదే తంతు: 2014కు ముందటి పత్రాల్లో తెలంగాణ జిల్లాలన్నీ ఆంధ్రప్రదేశ్ కిందే ఉంటాయి.

ఫలానా ఏడాది తర్వాత వచ్చిన పత్రాలనే చూస్తామని పరిమితి పెట్టడం నా దృష్టిలో ఈ పనిలో జరిగే అతి పెద్ద పొరపాటు. టోక్యో పరిసరాల్లో కొంగలు, రాత్రి కొంగల మీద జరిగిన మౌలిక పరిశీలనలు 1950ల నాటివి. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది కూడా 1955లో, తమిళనాడులోని వేలూరు ప్రాంతంలోనే. ఆ కాలపు పత్రాలు చాలావాటికి పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధన పత్రాల ఆన్‌లైన్ సూచికలో) సారాంశం ఉండదు కాబట్టి, శీర్షిక ఒక్కటే చూసి తీసేయకుండా, అనుమానమున్న ప్రతిదాన్నీ పూర్తి పాఠం చదివే దశకు పంపాలి.

అసలు పరీక్ష ఆ దశలోనే. ఒక చెరువు దగ్గర పట్టిన కొంగల రక్తంలో హీమగ్లుటినేషన్ నిరోధ పరీక్షతో (వైరస్ ఎర్ర రక్తకణాలను గుంపుకట్టించకుండా యాంటీబాడీలు ఆపుతాయా అని చూసే పరీక్షతో) యాంటీబాడీలు కనిపించాయని పత్రం చెబుతుందనుకుందాం. దీనికి దగ్గరి చుట్టమైన వెస్ట్ నైల్ వైరస్ కూడా మన దేశంలో ఉంది, దాని యాంటీబాడీలు కూడా ఈ పరీక్షలో స్పందించడంతో ఏవి ఏ వైరస్‌వో తేలదు. అందువల్ల రెండు వైరస్‌లనూ పక్కపక్కన పెట్టి న్యూట్రలైజేషన్ పరీక్ష (యాంటీబాడీలు ఏ వైరస్‌ను కణాలకు సోకకుండా ఆపుతాయో చూసే పరీక్ష) చేశారా అని చూడాలి. చేసినా, ఆ పత్రం రుజువు చేసేది వైరస్ సోకిందన్నంత వరకే కనుక దాన్ని మన నమోదు పట్టికలో ‘సోకిన ఆధారం’ గడిలో పెట్టాలి, ‘వ్యాప్తి చేసే ఆధారం’ గడిలో కాదు. రెండో గడికి రక్తంలో వైరస్ మోతాదు, అది నిలిచిన రోజులు కావాలి. ప్రయోగశాల పత్రమైతే సూదితో ఎక్కించారా, దోమతో కుట్టించారా, పక్షి వయసెంత అన్నవీ నమోదు చేయాలి. బాతుపిల్లల్లో, కోడిపిల్లల్లో వయసు పెరిగేకొద్దీ వైరస్ స్థాయి పడిపోతుంది కాబట్టి, వయసు రాయని పత్రం అంకెను మరో పత్రం అంకె పక్కన పెట్టలేం.

ఇద్దరు విడివిడిగా వడపోయాలి. ముందు యాభై పత్రాలతో సరిచూసుకొని, అభిప్రాయం కుదరని చోట నియమాన్నే తిరగరాసి, ఆ యాభైని కొత్త నియమంతో మళ్లీ మొదటి నుంచి చూడాలి. పూర్తి పాఠం చదివి తీసేసిన ప్రతి పత్రానికీ కారణం ఒక్క వాక్యంలో రాయాలి. ‘సంబంధం లేదు’ అన్నది కారణం కాదు.