పిల్లల పర్యావరణ ఆరోగ్యం: పీహెచ్‌సీ సిబ్బందికి ఒక రోజు శిక్షణ ఎలా నడపాలి

కాలుష్యం మీద రెండు గంటలు స్లైడ్లు చూపిస్తే సిబ్బంది శ్రద్ధగానే వింటారు. మర్నాడు ఓపీలో మాత్రం ఎప్పట్లాగే దగ్గు మందు రాసి పంపుతారు. నేర్పాల్సింది తల్లిని ఎలా అడగాలో, వచ్చిన జవాబుతో ఏం చేయాలో. అందుకే రోజులో సగం సాధనకే వదలండి.

బ్యాచ్‌కు 20 మంది చాలు. డాక్టర్లు, నర్సులు, ఏఎన్ఎంలు, ఆశాలు కలిసే కూర్చోవాలి. ఊళ్లో సీసం కోసం పాత బ్యాటరీలు ఎవరింటి వెనక కరిగిస్తారో డాక్టరుకంటే ముందు ఆశాకే తెలుస్తుంది. అయితే తన పీహెచ్‌సీ డాక్టరు ఎదుట ఆమె నోరు విప్పదు. వాళ్లిద్దరినీ వేర్వేరు గ్రూపుల్లో వేయండి.

సిద్ధాంతానికి అరగంట మించొద్దు. మింగిన సీసంలో పెద్దవాళ్ల రక్తంలోకి చేరేది సుమారు పదో వంతు, చిన్నపిల్లల్లో దాదాపు సగం. ఐరన్ తక్కువైతే ఇంకా ఎక్కువ. పిల్లలకు పెద్దవాళ్లకంటే ముప్పు ఎందుకు ఎక్కువో ఈ ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది.

తర్వాత ముగ్గురేసి: ఒకరు తల్లి, ఒకరు నర్సు, ఒకరు గమనించేవారు. ఒక్కో విడతకు ఏడు నిమిషాలు. తల్లి చేతిలో చీటీ: ‘బాబుకు మూడేళ్లు. రక్తహీనత, మలబద్ధకం, కడుపునొప్పి. భర్త బ్యాటరీ షాపులో పని.’ భర్త సంగతి నేరుగా అడిగితేనే చెప్పాలి. అడగాల్సినవి: పొయ్యి, తాగే నీళ్లు, ఇంట్లోవాళ్ల పని, పురుగుమందు డబ్బా పెట్టే చోటు, మట్టీ గోడ పెచ్చులూ తినే అలవాటు, కళ్లకు పెట్టే సురమా, నాటు మందుల భస్మాలు.

ఎక్కువమంది తడబడేది రెండు చోట్ల. ‘మీ ఆయన ఏం చేస్తారు?’ ‘కూలి’. అక్కడే ఆగిపోతారు. ఏ కూలి, ఆ బట్టలతోనే బిడ్డను ఎత్తుకుంటాడా అన్నది అసలు ప్రశ్న. రెండోది, ‘ఇంట్లో పొగ వస్తుందా?’ అంటే తప్పుపట్టినట్టు వినిపించి తల్లి లేదంటుంది. పొయ్యిలోకి ఏం వాడతారని అడగమనండి. గ్యాస్ ఉన్న ఇళ్లలోనూ స్నానాల నీళ్లు కట్టెల మీదే కాగుతుంటాయి.

సీసం పరీక్షకు వేలి నుంచి రక్తం తీసేముందు చేతిని సబ్బుతో కడిగించాలి. స్పిరిట్ దూదితో సీసం దుమ్ము పోదు, ఫలితం తప్పుగా ఎక్కువ వస్తుంది. ఎక్కువ వస్తే సిర రక్తంతో నిర్ధారించాలి. డబ్ల్యూహెచ్‌ఓ 2021 మార్గదర్శకాల ప్రకారం డెసీలీటరు రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే సీసం ఎక్కణ్నుంచి వస్తోందో పట్టుకుని ఆపాలి. 45 గానీ అంతకుమించి గానీ ఉంటే పెద్దాసుపత్రికి పంపాలి.

ఫ్లోరైడ్ సమస్యకు పేరుపడ్డ నల్లగొండ, ప్రకాశం వంటి జిల్లాల్లో నీళ్లకు గంట కేటాయించండి. ఎవరింటి నీళ్లు వాళ్లు ప్లాస్టిక్ సీసాలో తేవాలి, గాజుది వద్దు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. నీటి పరీక్ష కిట్‌లో వచ్చే రంగు ఆ హద్దు దగ్గర తేల్చి చెప్పలేదు, ల్యాబుకు పంపాల్సిందే. నీళ్లు కాచి తాగమనే సలహా ఇక్కడ ఎదురుతిరుగుతుంది: నీరు ఆవిరై ఫ్లోరైడ్ చిక్కబడుతుంది.

పత్తి, మిరప ప్రాంతాలైతే పురుగుమందు సంగతి కూడా చెప్పాలి. సూదిమొనంత కంటిపాప, చొంగ, చెమట కనిపిస్తే చేతికి గ్లవ్స్ వేసుకుని బట్టలు తీసేసి ఒళ్లు సబ్బుతో కడగాలి, వెంటనే 108. ఉప్పునీళ్లు తాగించి కక్కించకూడదు.

చివరగా తల్లిని అడగాల్సిన ఆ ప్రశ్నలన్నిటితో రబ్బరు స్టాంపు చేయించి ప్రతి పీహెచ్‌సీకి ఇవ్వండి. ఓపీ చీటీ మీద రాసే చోటు లేకపోతే అడగడం వారంలో ఆగిపోతుంది. నెల తర్వాత వెళ్లి ఐదేళ్లలోపు పిల్లల చీటీలు 20 తీసి, ఎన్నిటిలో జవాబులు రాశారో లెక్కపెట్టండి.