రాత్రి పూట డబ్బా పాలు: ముందే ఏం సర్దుకోవాలి, ఎలా కలపాలి?

పాప ఏడుపు అందుకున్నాక స్టవ్ వెలిగించి నీళ్లు పెడితే, అవి మరిగి చల్లారేసరికి ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటారు. అలాగని పడుకునేముందే పాలు కలిపి మంచం పక్కన పెట్టుకోవడమూ కుదరదు. కలిపిన పాలు గదిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. కాబట్టి కలపడం ఒక్కటి మిగుల్చుకుని తక్కిన పనంతా సాయంత్రమే ముగించుకోవాలి.

తల్లిపాలు సరిపోకో, తల్లి ఆరోగ్యం వల్లో డాక్టరు డబ్బా పాలు రాసిన ఇళ్ల కోసం ఇది. ఏ కంపెనీ డబ్బా కొనాలో ఇక్కడ చెప్పను. వీటికి ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992 నుంచీ చట్టం ఉంది, అది మంచి చట్టం కూడా. తల్లిపాలూ, డబ్బా పాలూ రెండూ పడుతున్న తల్లులకు మాత్రం ఒక మాట: పాలు ఊరించే ప్రొలాక్టిన్ హార్మోన్ రాత్రిళ్లు ఎక్కువగా ఉంటుంది. రాత్రి వంతులన్నీ సీసాకే వదిలేస్తే రొమ్ములో పాలు తగ్గిపోతాయి. ఒక వంతు నాన్నో అమ్మమ్మో సీసాతో పట్టి, ఇంకో వంతు తల్లే ఇస్తే బాలింతకు నిద్రా దక్కుతుంది, పాలూ నిలుస్తాయి.

అసలు వేడి నీళ్లు ఎందుకు?

సీలు తీయని కొత్త డబ్బాలోని పొడి కూడా పూర్తిగా సూక్ష్మక్రిములు లేనిది కాదు. క్రోనోబ్యాక్టర్, సాల్మొనెల్లా లాంటివి అరుదుగానైనా అందులో ఉండవచ్చు. డబ్బా తెరిచాక మన చేతుల నుంచీ, గట్టు మీది తడి నుంచీ చేరవచ్చు. పొడిగా ఉన్నంతసేపూ అవి పెరగవు. నీళ్లు తగిలి గోరువెచ్చగా ఉంటే మాత్రం గంటల్లో విపరీతంగా పెరుగుతాయి. క్రోనోబ్యాక్టర్ సోకితే నెలల పిల్లలకు రక్తంలో ఇన్ఫెక్షన్, మెదడు పొరల వాపు దాకా పోవచ్చు. రెండు నెలలు నిండనివారికి, నెలలు తక్కువగా పుట్టినవారికి, బరువు తక్కువ ఉన్నవారికి ముప్పు ఎక్కువ. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం 70 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న నీళ్లలోనే పొడి కలపమంటుంది.

మన డబ్బాల మీద చాలావరకు ‘కాచి, గోరువెచ్చగా చల్లార్చిన నీళ్లు’ అని రాసి ఉంటుంది. అమెరికాలో ఉన్నవాళ్లయితే మామూలు నీళ్లతో కలపమని రాసినవీ చూస్తారు. ప్రోబయోటిక్స్ కలిపిన పొడిని వేడి నీళ్లలో వేస్తే ఆ మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుందన్నది ఒక కారణం. రెండు నెలల లోపు పిల్లలున్న ఇంట్లో నేనైతే 70 డిగ్రీల వైపే ఉంటాను. మీ డబ్బా మీద వేరేలా ఉంటే పిల్లల డాక్టరుకు అది చూపించి అడగండి. విదేశాల్లో దొరికే, ముందే కలిపి సీలు చేసిన ద్రవరూపంలోని డబ్బా పాలలో సూక్ష్మక్రిములు ఉండవు. ఖరీదు ఎక్కువే, కానీ తొలి వారాల రాత్రిళ్లకు అంత తేలిక మరొకటి లేదు.

సాయంత్రం చేయాల్సినవి

1. రాత్రి ఎన్నిసార్లు పడతారో అన్ని సీసాలు, పాలపీకలు సబ్బు నీళ్లతో, బ్రష్షుతో రుద్ది కడగండి. పాలపీక లోపలి అంచులోనే జిడ్డు దాక్కుంటుంది, దాన్ని తిరగేసి తోమాలి. తర్వాత పెద్ద గిన్నెలో మునిగేలా వేసి, సీసాలో గాలి బుడగలు లేకుండా చూసి, పది నిమిషాలు మరిగించండి. తీశాక బట్టతో తుడవొద్దు. నీళ్లు ఓడ్చి, మూతలు బిగించి పెట్టండి.

2. పొడిని వంతులవారీగా, పొడిగా ఆరిన శుభ్రమైన చిన్న డబ్బీల్లో కొలిచి పెట్టుకోండి. నిద్రమత్తులో ‘ఇది మూడోదా, నాలుగోదా’ అనే తికమక ఉండదు. స్కూపు నిండా తీసి, పొడి చాకు వీపుతో పైన సమంగా గీయాలి, నొక్కి కూరకూడదు. మన దగ్గర చాలా డబ్బాలకు 30 మిల్లీలీటర్ల నీళ్లకు ఒక స్కూపు. అమెరికా డబ్బాలు చాలావాటికి 60కి ఒకటి. అక్కడి నుంచి చుట్టాలు తెచ్చిన డబ్బాకి ఇక్కడి స్కూపు వాడితే లెక్క మొత్తం తప్పుతుంది.

3. స్టీలు ఫ్లాస్కులో ముందు కాస్త వేడి నీళ్లు పోసి, తిప్పి పారబోయండి. ఆ తర్వాత సలసల మరిగిన నీళ్లు అంచు దాకా నింపి గట్టిగా మూత పెట్టండి. సగం నింపితే త్వరగా చల్లారుతుంది. టీ, కాఫీ పోసే ఫ్లాస్కు దీనికి వాడొద్దు. మంచి ఫ్లాస్కు కొన్ని గంటలపాటు 70 డిగ్రీలకు పైనే నిలుపుతుంది. మీది నిలుపుతుందో లేదో ఒక రాత్రి వంటింటి థర్మామీటరుతో చూసుకుంటే సరి. ఒక్కసారి చూస్తే చాలు, రోజూ అక్కర్లేదు.

క్యాను నీళ్లయినా, ఆర్వో నీళ్లయినా మరిగించాల్సిందే. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో, నల్గొండ వైపు లాంటి చోట్ల, ఉత్త కాచడంతో అది పోదు. ఆర్వోలో వడకట్టిన నీళ్లే కాచుకోవాలి.

పాప లేచాక

చేతులు సబ్బుతో కడుక్కోండి. చంకలో బిడ్డను పెట్టుకుని ఫ్లాస్కు వంచొద్దు. చీకట్లో, నిద్రకళ్లతో చేసే ఈ పనిలో కాలడం చాలా తేలిక. బిడ్డను ఇంకొకరికివ్వండి, లేదా ఉయ్యాల్లో వేసి ఓ రెండు నిమిషాలు ఏడవనివ్వండి.

ముందు నీళ్లు, తర్వాతే పొడి. సీసాను బల్ల మీద పెట్టి, గీత కంటికి సమానంగా వచ్చేలా వంగి చూడండి. చేత్తో ఎత్తి పట్టుకుంటే కొలత తప్పుతుంది. నీళ్లు 90 దగ్గర పోసి డబ్బీలో కొలిచి పెట్టిన మూడు స్కూపుల పొడి వేశాక పాలు దాదాపు 100 గీతకు చేరతాయి. కంగారుపడి కొంచెం పారబోయకండి, అది అలాగే ఉండాలి. మూత పెట్టి, ఉండలు లేకుండా గుండ్రంగా తిప్పుతూ కలపండి.

ఇప్పుడు ఇవి నోరు కాలే పాలు. గిన్నెలో చల్లటి నీళ్లు పోసి, మూత మునగకుండా సీసాను నిలబెట్టి మెల్లగా తిప్పుతూ ఉంటే కొద్ది నిమిషాల్లో దిగొస్తాయి. మణికట్టు లోపలి వైపు రెండు చుక్కలు వేసుకుంటే వెచ్చగా తెలియాలి, చురుక్కుమనకూడదు. కొందరు కొంచెం వేడి నీళ్లలో పొడి కలిపి, మిగతాది చల్లారిన నీళ్లతో నింపేస్తారు. సమయం కలిసొస్తుంది నిజమే, కానీ ఆ కొంచెం నీళ్లు సీసాకూ పొడికీ తగలగానే 70 కిందికి పడిపోతాయి. నేను ఆ పద్ధతి చెప్పను. మైక్రోవేవ్ అసలే వద్దు. సీసా చల్లగానే ఉంటుంది, లోపల ఒకచోట పాలు పొగలు కక్కుతుంటాయి.

‘పల్చగా కలిపితే బాగా అరుగుతుంది’ అని పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. ఆ మాట మాత్రం వినకండి. నీళ్లు ఎక్కువైతే బిడ్డ ఒంట్లో సోడియం తగ్గి ఫిట్స్ రావచ్చు, బరువూ పెరగదు. చిక్కగా కలిపితే విరేచనం గట్టిపడుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది. రాత్రంతా పడుకుంటుందని పాలలో ఉగ్గుపిండి కలపడం, పంచదారో తేనో వేయడం కూడా కూడదు. ఏడాది లోపు పిల్లలకు తేనె ఏ రూపంలోనూ ప్రమాదమే.

ఎన్ని పాలంటే, మొదటి వారం దాటాక రోజుకు కిలో బరువుకు సుమారు 150 మిల్లీలీటర్లు. నాలుగు కిలోల బిడ్డ రోజుకు ఎనిమిదిసార్లు తాగితే వంతుకు 75 అన్నమాట. కొలతకంటే బిడ్డ తల తిప్పేసుకోవడమే సరైన గుర్తు. తల కాస్త ఎత్తులో పట్టుకుని తాగించండి, సీసాను దిండుకు ఆనించి మీరు కునుకు తీయొద్దు. తాగాక తేన్పు రానివ్వండి. మిగిలింది దాచొద్దు. బిడ్డ నోరు తగిలాక గంటలోగా అయిపోవాలి, లేదంటే పారబోయాలి.

ఫ్రిజ్ దారి

రాత్రి కలపడం మీవల్ల కాకపోతే, సాయంత్రం వేడి నీళ్లతోనే విడివిడి సీసాల్లో కలిపి, గిన్నె నీళ్లలో వెంటనే చల్లార్చి ఫ్రిజ్‌లో వెనక వైపు పెట్టొచ్చు. తలుపు అరలో వద్దు. 5 డిగ్రీలు లేదా అంతకంటే చల్లగా ఉంటే 24 గంటలు ఆగుతాయి. ఇచ్చేముందు సీసాను వేడి నీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చచేయండి, పదిహేను నిమిషాలు దాటొద్దు. ఒకసారి వెచ్చచేసినవి మళ్లీ ఫ్రిజ్‌కు వెళ్లకూడదు. రాత్రి కరెంటు పోయే ఊళ్లలో ఈ దారి నమ్మలేం, ఫ్లాస్కే నయం.

ఎంత జాగ్రత్త పడినా, మూడు నెలల లోపు బిడ్డకు 100.4 ఫారన్‌హీట్ లేదా అంతకంటే ఎక్కువ జ్వరం వచ్చినా, పాలు ముట్టకపోయినా, లేపినా మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా తెల్లవారి ఓపీ దాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.