బురద పక్కకి తీసి మాట చూడటం: ఆస్ట్రేలియాలో మొదటిసారి ఓటు వేసేవాళ్ళకి

2025 మే 3 ఎలక్షన్‌కి పది రోజుల ముందు, మా వీధి చివరింటి దంపతులు ఒక సంచీడు కరపత్రాలు తెచ్చి మా డైనింగ్ టేబుల్ మీద పరిచారు. ఇద్దరికీ ఆ ఏడే సిటిజన్‌షిప్ వచ్చింది. "అక్కా, వీళ్ళలో ఒక్కరూ తాము ఏం చేస్తారో చెప్పట్లేదు. అవతలివాళ్ళు ఎంత చెడ్డవాళ్ళో చెప్తున్నారంతే. ఎవర్ని నమ్మాలి?" అంది ఆ అమ్మాయి.

మాది తెనాలి. మెల్‌బోర్న్ పడమటివైపు టార్నీట్‌లో ఇల్లు కొనుక్కుని చాలా ఏళ్ళయింది, ముసలివాళ్ళ హోమ్‌లో పని చేస్తాను. ఇక్కడ ఓటు వేయకపోతే జరిమానా కాబట్టి "మనకెందుకులే" అని పక్కకి తప్పుకునే వీలు లేదు. ఆ సాయంత్రం వాళ్ళకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాయితం అడుగు భాగం చూడండి. ఫోటోలూ ఎర్ర అక్షరాలూ తర్వాత. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "ఆథరైజ్డ్ బై" అని ఒక పేరు, పార్టీ, ఊరు ఉంటాయి. కనపడకపోతే ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చదవండి. ఆ అమ్మాయి అలా చూస్తే, ఏ పార్టీ రంగూ లేకుండా "మీ ఏరియా వార్తలు" అన్నట్టున్న ఒక పత్రం ఫలానా పార్టీదని తేలింది. 2007లో సిడ్నీ పడమటి లిండ్సే నియోజకవర్గంలో, లేని ఒక ముస్లిం సంస్థ పేరుతో, అది లేబర్ పార్టీని మెచ్చుకుంటున్నట్టు, ఓటర్లకి లేబర్ మీద అనుమానం పుట్టేలా దొంగ కరపత్రాలు పంచారు. ఇక్కడ రెండు పెద్ద పార్టీలు లేబర్, లిబరల్. పంచుతూ పట్టుబడ్డవాళ్ళు లిబరల్ పార్టీ మనుషులు. అచ్చువేయించినవాళ్ళ పేరు ఆ కాయితం మీద లేదు. ఆ నేరం కిందే కొందరిని కోర్టు దోషులుగా తేల్చింది.

పేరు ఉన్నంత మాత్రాన ఉన్న మాట నిజమని కాదు. ప్రచారంలో అబద్ధం చెప్పకూడదనే చట్టం సౌత్ ఆస్ట్రేలియాలో 1985 నుంచి ఉంది, దేశం మొత్తానికి జరిగే ఎలక్షన్లకి లేదు. ఎలక్షన్ కమిషన్ వచ్చి అబద్ధాన్ని ఆపుతుందని కూర్చోకండి. చూసుకోవాల్సింది మనమే.

తర్వాత పెన్ను తీసుకోండి. తిట్లన్నీ కొట్టేయండి: చేతకానివాడు, దగాకోరు, ప్రమాదకరమైన మనిషి, అన్నీ. అప్పుడు ఎవరు, ఏం చేశారు, ఎప్పుడు అనేవి మిగిలితే ఆ కాయితం ఉంచుకోండి. ఏమీ మిగలకపోతే చెత్తబుట్టే.

ఈ పద్ధతి ఆ ఎలక్షన్లో పోటీపడ్డ ఇద్దరి మీదా వాడి చూశాం: అప్పటికి ప్రధానిగా ఉన్న లేబర్ నాయకుడు ఆల్బనీజీ, లిబరల్ నాయకుడు డటన్. ఏప్రిల్‌లో హంటర్ ప్రాంతంలో ఒక సభలో ఆల్బనీజీ స్టేజీ అంచు నుంచి జారాడు, ఆ వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. దాంతో నా కరెంటు బిల్లుకి సంబంధం లేదు, కొట్టేయొచ్చు. 2022 ప్రచారం మొదటి రోజు లాన్సెస్టన్‌లో నిరుద్యోగ శాతం ఎంతో చెప్పలేక తడబడ్డాడు. అది కొంచెం ఆలోచించాల్సిందే, అయినా ఒక పూట తడబాటు. కానీ, ముందటి లిబరల్ ప్రభుత్వం చట్టం చేసి పెట్టిన మూడో దశ ఆదాయపు పన్ను తగ్గింపులు ముట్టుకోనని మాటిచ్చి, 2024 జనవరిలో వాటిని మార్చాడు. ఇక్కడ మనిషి, పని, తేదీ మూడూ ఉన్నాయి. మార్పు వల్ల తక్కువ జీతాలవాళ్ళకి ఎక్కువ మిగిలింది, నాకూ మిగిలింది. అయినా మాట తప్పాడా అన్న ప్రశ్న న్యాయమైనదే. అటు డటన్, ప్రభుత్వ ఉద్యోగులు ఇంటి నుంచి పని చేయడం మానాలన్న విధానాన్ని ప్రచారం మధ్యలోనే వెనక్కి తీసుకుని, తప్పయిందన్నాడు. అదీ రాసుకోవాల్సిన సంగతే.

ఇక అసలు చిక్కు. నిజమైన ప్రశ్నకీ బురదకీ ముడి పడిపోయినప్పుడు ఏం చేయాలి? దీనికి నేను ఎప్పుడూ లేబర్ మాజీ ప్రధాని జూలియా గిలార్డ్ సంగతే చెప్తాను. 2010 ఆగస్టు 16న, పోలింగ్‌కి ఐదు రోజుల ముందు, "నా ప్రభుత్వంలో కార్బన్ పన్ను ఉండదు" అంది. అంటే కాలుష్య వాయువులు వదిలే కంపెనీల మీద పన్ను. ఎవరికీ మెజారిటీ రాలేదు, గ్రీన్స్ పార్టీ మద్దతు కావాల్సొచ్చింది, 2012 జూలై నుంచి కార్బన్‌కి ధర పెట్టింది. మాట తప్పిందా? అడగాలి, గట్టిగా అడగాలి. అడిగేటప్పుడు ఇంకో ముక్క కూడా చదవాలి: పోలింగ్ ముందు రోజు అచ్చయిన ఇంటర్వ్యూలో, కార్బన్ పన్ను కాదంటూనే, మార్కెట్ పద్ధతిలో కాలుష్యం తగ్గించే పథకం తెచ్చే అవకాశాన్ని తోసిపుచ్చనని చెప్పింది. ప్రచారంలో మిగిలింది మొదటి వాక్యం ఒక్కటే.

అది రాజకీయం. కానీ 2011 మార్చిలో కాన్‌బెరాలో పార్లమెంటు ముందు జరిగిన ర్యాలీలో ఆమెని మంత్రగత్తె అని రాసిన అట్టలు పట్టుకున్నారు. ప్రతిపక్ష నాయకుడు టోనీ అబట్ ఆ అట్టల ముందే నిలబడి మాట్లాడాడు. అంతకుముందు 2007లో ఒక లిబరల్ సెనేటర్, పిల్లలు వద్దనుకుని ఉండిపోయిన ఆమెకి దేశాన్ని నడిపే అర్హత లేదన్నట్టు మాట్లాడి, తర్వాత క్షమాపణ చెప్పాడు. పిల్లలు లేని ఆడమనిషిని ఏం అంటారో మన ఊళ్ళల్లో పెరిగినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ మాట ఏ దేశంలో అన్నా నాకు కడుపులో తిప్పుతుంది. పన్ను గురించి అడగాల్సిన ప్రశ్నని ఆ మాటలు మింగేశాయి కూడా.

అందుకే కాయితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ఆ మనిషి అన్న మాట, కుడివైపు చేసిన పని. ఒళ్ళు, ఇల్లు, పెళ్ళి, యాస, మతం ఏ వైపూ రాయొద్దు. తర్వాత అదే కొలత దాడి చేసినవాడికీ పెట్టండి. అబట్ 2013లో పోలింగ్ ముందు రోజు రాత్రి టీవీలో విద్యకీ వైద్యానికీ కోతలు ఉండవనీ, పింఛన్లు మార్చననీ, ప్రభుత్వ ప్రసార సంస్థలు ఏబీసీ, ఎస్‌బీఎస్‌ల జోలికి పోననీ అన్నాడు. గెలిచి ప్రధాని అయ్యాక, 2014 మేలో ఆయన ప్రభుత్వ బడ్జెట్‌ని ఆ జాబితా పక్కన పెట్టుకుని చూస్తే చాలా మాటలు నిలబడలేదు.

సరిచూసుకోడానికి చోట్లు లేకపోలేదు. ఎలక్షన్ ప్రకటించిన కొద్ది రోజులకే ట్రెజరీ, ఫైనాన్స్ శాఖల అధికారులు ఖజానా లెక్క బయటపెడతారు. అది మంత్రులు రాసేది కాదు. మీ ఎంపీ పార్లమెంటులో ఎటు ఓటేశాడో "దే ఓట్ ఫర్ యూ" సైట్‌లో ఉంటుంది. ఆయన ఆస్తులూ షేర్లూ రాసిన రిజిస్టర్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది.

ఇంగ్లీషు అంత బాగా రాని అమ్మానాన్నలు ఓటర్లయితే ఇది గుర్తుపెట్టుకోండి. 2019లో మెల్‌బోర్న్‌లోని చిజమ్ నియోజకవర్గంలో లిబరల్ పార్టీవాళ్ళు, ఎలక్షన్ కమిషన్ వాడే ఊదారంగులోనే, చైనీస్ భాషలో బోర్డులు పెట్టారు: సరైన పద్ధతిలో ఓటేయాలంటే లిబరల్‌కి 1 వేయాలని. అవి ఓటర్లని తప్పుదారి పట్టించేలా ఉన్నాయని కోర్టు అంది, లిబరల్ అభ్యర్థి గెలుపు మాత్రం రద్దు చేయలేదు. రంగు చూసి నమ్మొద్దని పెద్దవాళ్ళకి ముందే చెప్పండి. ఎంపీని ఎన్నుకునే ఆకుపచ్చ బ్యాలెట్ మీద అన్ని గళ్ళకీ 1, 2, 3 అని అంకెలు వేయాలి, కానీ ఎవరికి ఏ అంకె అన్నది పూర్తిగా వాళ్ళ ఇష్టం. గేటు దగ్గర చేతిలో పెట్టే కార్డు ఆ పార్టీ సలహా మాత్రమే. పోలింగ్ గుమ్మానికి ఆరు మీటర్ల లోపల ఎవరూ ప్రచారం చేయకూడదు, అక్కడికి చేరాక స్థిమితంగా ఆలోచించుకోవచ్చు.

చివరి మూడు రోజులు ఫోన్ జాగ్రత్త. పోలింగ్ శనివారం, దాని ముందు బుధవారం అర్ధరాత్రి నుంచి టీవీ, రేడియో ప్రకటనలు ఆగిపోతాయి, ఆన్‌లైన్‌కి ఆ అడ్డు లేదు. 2016లో పోలింగ్ రోజునే, పంపినవారి పేరు మెడికేర్ (ప్రభుత్వ వైద్య పథకం) అని కనపడేలా జనానికి మెసేజ్‌లు వెళ్ళాయి, పంపింది లేబర్ పార్టీ క్వీన్స్‌లాండ్ శాఖ.

2019లో లేబర్ గెలిస్తే చనిపోయినవాళ్ళ ఆస్తి మీద పన్ను వేస్తారని ఒక మెసేజ్ వస్తే, నేను మా తెలుగు గ్రూపులో ఫార్వర్డ్ చేశాను. లేబర్‌కి అలాంటి విధానమే లేదు. "నిప్పు లేందే పొగ రాదు కదా" అనుకున్నాను, ఎలక్షన్లప్పుడు పొగ విడిగా తయారు చేస్తారని అప్పుడు తెలియదు. కొడుకు దగ్గర ఉండే ఒక పెద్దాయన ఫోన్ చేసి, "అమ్మా, నేను పోతే నా కొడుకు ఈ ఇల్లు అమ్ముకోవాలా?" అని అడిగారు. రెండు రాత్రులు నిద్రపోలేదట ఆయన.

మీరూ అలాంటిది పంపి ఉంటే చప్పుడు చేయకుండా డిలీట్ చేసి ఊరుకోకండి. చదివినవాళ్ళు ఈపాటికి ఇంకో గ్రూపుకి పంపి ఉంటారు. అదే గ్రూపులో, తెలుగులో, రెండు ముక్కలు రాయండి: "నిన్న నేను పెట్టిన ఫలానా మెసేజ్ తప్పు. సరైన సంగతి ఇది. మీరు ఎవరికైనా పంపి ఉంటే ఇది కూడా పంపండి." ఏ పార్టీనీ ఏమీ అనొద్దు, అంటే గొడవ మొదలై అసలు సంగతి కిందికి పోతుంది. ఫోన్ చేసి అడిగినవాళ్ళకి మాత్రం మళ్ళీ ఫోన్ చేసే చెప్పండి. నేను ఆ పెద్దాయనకి ఆ రోజే చేశాను.