డ్యాష్‌బోర్డు లైట్లు మిణుకుమంటుంటే: పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

కారు డ్యాష్‌బోర్డు లైట్లు మిణుకుమంటున్నాయని వెంటనే ప్యానెల్ ఊడదీయకూడదు. చాలాసార్లు లోపం వదులైన బ్యాటరీ టెర్మినల్‌లోనో, బ్యాటరీని బండి బాడీకి కలిపే, తుప్పు పట్టిన ఎర్త్ వైరులోనో, ఇంజన్ నడుస్తున్నప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌లోనో ఉంటుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండల్లో ఇంజన్ ఆపాక కూడా బానెట్ కింది ఇనుము చాలాసేపు చేయి కాల్చేంత వేడిగా ఉంటుంది కనుక, బండిని వేపచెట్టు నీడన చదునైన చోట నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చల్లారిన తరువాతే పని మొదలుపెట్టాలి. ఉంగరాలు, కడియం, గడియారం తీసివేయాలి.

మల్టీమీటరుతో కొలిస్తే బ్యాటరీలో, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు దాదాపు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు కనిపించాలి. ఆల్టర్నేటర్‌ను పరీక్షించడానికని కొందరు నడుస్తున్న ఇంజన్ మీదనే బ్యాటరీ వైరు పీకేస్తారు. అలా ఎన్నడూ చేయరాదు, వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) కాలిపోయే ప్రమాదం ఉంది.

టెర్మినళ్లు విప్పేటప్పుడు నెగెటివ్‌ను ముందుగా విప్పాలి, బిగించేటప్పుడు చివరగా బిగించాలి. టెర్మినల్ మీద పేరుకున్న తెల్లని, పచ్చని పొడిని వట్టి చేత్తో గీకకుండా, చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి, వంటసోడా కలిపిన నీటితో శుభ్రం చేయాలి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు.

10 ఆంపియర్ల ఫ్యూజు పోతే 10 ఆంపియర్లదే వేయాలి. రాగి తీగ చుట్టడమంటే వైరింగుకు నిప్పు పెట్టడమే. స్టీరింగ్ దగ్గర పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి జోలికి పోకుండా మెకానిక్‌కు అప్పగించాలి.