ఇంగ్లీషు మాట మొరాయించినప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

ఇంగ్లీషు మాటలతో ఏ చిక్కు వచ్చినా చాలామంది చెప్పే మందు ఒక్కటే: బట్టీ పట్టడం. ఆ మందు కొంతవరకే పనిచేస్తుంది, ఎందుకంటే పైకి ఒకేలా కనిపించే రెండు చిక్కుల వెనుక వేర్వేరు కారణాలు ఉంటాయి. పలకని అక్షరం ఒక మాటలో ఒకప్పుడు పలికి తరువాత మూగబోయినది కావచ్చు, మరో మాటలో ఏనాడూ పలకకుండా పండితులు తెచ్చి అతికించినది కావచ్చు. మొదటిదానికి పనికివచ్చే ఉపాయం రెండోదానికి పనికిరాదు. అందువల్ల ముందు చిక్కు ఏ రకానిదో గుర్తుపట్టి, ఆ తరువాతే దాన్ని విప్పే ప్రయత్నం చేయాలి.

1. అక్షరం ఉంది, ధ్వని లేదు

లక్షణం: మోకాలిని చెప్పే ‘నీ’ అనే మాట కె అక్షరంతో మొదలవుతుంది. అప్పును చెప్పే ‘డెట్’లో బి ఉంటుంది. ద్వీపాన్ని చెప్పే ‘ఐలాండ్’లో ఎస్ ఉంటుంది. ఈ మూడు అక్షరాల్లో ఏదీ నోటికి రాదు.

కారణం: మూడింటికీ మూడు కారణాలున్నాయి.

‘నీ’లోని కె ఒకప్పుడు స్పష్టంగా పలికేది. పాత ఇంగ్లీషులో కత్తి పట్టిన యోధుడిని చెప్పే ‘నైట్’ రూపం దాదాపు ‘క్నిహ్ట్’, అప్పటి అర్థం బాలుడు, సేవకుడు. అందులో మొదటి కకారమూ పలికేది, నడుమ గొంతులోంచి వచ్చే ఒరిపిడి ధ్వనీ పలికేది. ఆ ఒరిపిడి ధ్వనికి గుర్తుగా వాడిన జి, హెచ్ అక్షరాలే నేటికీ రాత్రిని చెప్పే ‘నైట్’లోనూ, ‘లైట్’లోనూ మౌనంగా మిగిలాయి. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం నెలకొల్పిన నాటికి ఈ ధ్వనులు ఇంకా పూర్తిగా పోలేదు. అచ్చు రాతను స్థిరపరచసాగింది, నోరు మాత్రం తన దారిన తాను సాగింది, మాట మొదటి కకారం 17వ శతాబ్దంలో రాలిపోయింది. జర్మన్‌లో అదే మోకాలిని నేటికీ ‘క్నీ’ అని కకారంతోనే పలుకుతారు.

‘డెట్’ కథ వేరు. ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దానిలో బి లేదు, మధ్యయుగపు ఇంగ్లీషు రాతల్లోనూ అది లేకుండానే రాసేవారు. లాటిన్‌లో మూలరూపం ‘డెబిటుమ్’ అని గుర్తించిన పండితులు, మాట పుట్టుక కంటికి కనబడాలన్న పట్టుదలతో బి చేర్చారు. ‘డౌట్’లో బి, ‘రిసీట్’లో పి కూడా ఇలా చేరినవే. ఈ సంస్కరణ అన్ని మాటలకూ సమానంగా అందలేదు కూడా: ‘రిసీట్’కు సోదరులైన ‘డిసీట్’, ‘కన్సీట్’ అనే మాటలకు నేటి రాతలో పి లేదు. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, పలకని ప్రతి అక్షరమూ పాత ఉచ్చారణకు సాక్ష్యమే అన్న నమ్మకం వెంటనే సడలిపోతుంది.

‘ఐలాండ్’లోని ఎస్ కేవలం పొరపాటు. ఇది లాటిన్‌తో సంబంధం లేని పాత జర్మానిక్ మాట. లాటిన్ ‘ఇన్సులా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ‘ఐల్’ అనే మరో మాటకు ఇది చుట్టమని భ్రమించి, దాని ఎస్‌ను దీనికీ తగిలించారు. ‘కుడ్’లోని ఎల్ కూడా పక్కనున్న ‘వుడ్’, ‘షుడ్’ల రాతను చూసి వచ్చి చేరినదే.

పరిష్కారం: ముందు అదే కుటుంబానికి చెందిన పొడుగు మాట కోసం వెతకండి. ‘డెట్’లో మూగదైన బి ‘డెబిట్’లో పలుకుతుంది, ‘రిసీట్’లోని పి ‘రిసెప్షన్’లో పలుకుతుంది, ‘సైన్’లో మాయమైన జి ‘సిగ్నల్’లోనూ, ‘ఆటమ్’ చివరి ఎన్ ‘ఆటమ్నల్’లోనూ, ‘బాంబ్’ చివరి బి ‘బంబార్డ్’లోనూ వినిపిస్తాయి. జంటను కలిపి గుర్తుపెట్టుకొంటే రాత తప్పదు. అలాంటి చుట్టం దొరకక, మాట కె-ఎన్, జి-ఎన్, డబ్ల్యు-ఆర్ జంటల్లో ఒకదానితో మొదలైతే, అది దాదాపు ఎప్పుడూ పాత ధ్వని రాలిపోయిన రకమే. ఆ జంటల్లో మొదటి అక్షరాన్ని నిస్సంకోచంగా వదిలేయవచ్చు. ‘ఐలాండ్’, ‘కుడ్’ వంటి పొరపాటు రాతలు మాత్రం కొద్దే, వాటికే బట్టీ సరైన మందు.

2. అచ్చు రాసినట్టు పలకదు

లక్షణం: పేరును చెప్పే ‘నేమ్’లోనూ, కాలాన్ని చెప్పే ‘టైమ్’లోనూ రాసిన అచ్చు ఒకటి, పలికే అచ్చు మరొకటి. చివరనున్న ఇ అసలే పలకదు.

కారణం: ఈ రాత మధ్యయుగపు పలుకుబడిని బట్టి పూర్తిగా న్యాయమైనది. అప్పట్లో ఆ మాటలను దాదాపు ‘నామె’, ‘టీమె’ అని పలికేవారు, ఇంటిని చెప్పే ‘హౌస్’ను ‘హూస్’ అనేవారు. సుమారు 1400 నుంచి 1700 వరకు ఇంగ్లీషులోని దీర్ఘాచ్చులన్నీ వరుసగా స్థానం మార్చుకొన్నాయి. భాషాశాస్త్రవేత్త ఆటో యెస్పర్‌సన్ దీనికి ‘గ్రేట్ వవెల్ షిఫ్ట్’ అని పేరు పెట్టారు. ఈ మార్పు నడుస్తుండగానే అచ్చుయంత్రం వచ్చి పాత రాతను నిలిపివేసింది. అక్షరాలను ఉన్నవి ఉన్నట్టుగా చదివే అలవాటున్న మనకు తొలి చూపులో తోచే ఉచ్చారణ తప్పు కాదు, కొన్ని శతాబ్దాల పాతది, అంతే.

పరిష్కారం: ఈ మార్పు దీర్ఘాలకే గాని హ్రస్వాలకు అంతగా తగలలేదు. అందువల్ల ఒకే మాట రెండు రూపాల్లో రెండు అచ్చులతో పలుకుతుంది: ‘డివైన్’ పక్కన ‘డివినిటీ’, ‘సేన్’ పక్కన ‘శానిటీ’, ‘సెరీన్’ పక్కన ‘సెరెనిటీ’. విన్న మాటను ఏ అచ్చుతో రాయాలో అనుమానం వచ్చినప్పుడు దాని పొడుగు రూపాన్ని పైకి పలికి చూడండి; అందులోని హ్రస్వమే రాతలోని అచ్చును పట్టిస్తుంది. ఇన్ని మాటలకు ఒకేసారి ఉపయోగపడే సూత్రం ఇంగ్లీషులో మరొకటి అరుదు.

3. సి-హెచ్ ఒకచోట చ, ఒకచోట ష, ఒకచోట క

ఇది తేలికగా తెగే చిక్కు. ‘చర్చ్’ వంటి పాత ఇంగ్లీషు మాటల్లోనూ, ‘చీఫ్’ వలె మధ్యయుగంలోనే ఫ్రెంచి నుంచి వచ్చిన మాటల్లోనూ అది చకారం. ఆ తరువాత ఫ్రెంచిలోనే ధ్వని మారిపోయింది కనుక, ఆలస్యంగా వచ్చిన ‘షెఫ్’, ‘మెషీన్’ వంటి మాటల్లో ష. గ్రీకు మూలం ఉన్న ‘కోరస్’, ‘క్యారెక్టర్’ వంటివాటిలో క. ‘చీఫ్’, ‘షెఫ్’ రెండూ తలను చెప్పే ఒకే లాటిన్ మాట నుంచి వచ్చి, ప్రవేశించిన కాలాన్ని బట్టి వేర్వేరు ధ్వనులు తెచ్చుకొన్నాయి. మాట శాస్త్రానికో తత్త్వానికో సంగీతానికో చెందినదైతే క అని, నాగరిక వేషభాషలకు చెందిన కొత్త మాటైతే ష అని ముందుగా ప్రయత్నించవచ్చు.

4. ముక్కలు కలిపితే అర్థం రావడం లేదు

లక్షణం: ‘కాక్‌రోచ్’ను విడదీస్తే కోడిపుంజు, ఒక రకం చేప వస్తాయి, బొద్దింకకు ఆ రెండింటితోనూ పని లేదు. ‘హ్యాంబర్గర్’లో పంది మాంసాన్ని చెప్పే ‘హ్యామ్’ కనిపిస్తుంది, వంటకంలో అది ఉండదు. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే అంటుకోనిది అనుకొంటే, ప్రమాదం మాటతో ఆగదు.

కారణం: వినేవారు తెలియని మాటలో తెలిసిన ముక్కలను వెతుకుతారు. స్పానిష్ ‘కుకరాచా’ ఇంగ్లీషు చెవికి ‘కాక్‌రోచ్’గా వినిపించింది, దీన్నే లోకనిరుక్తి అంటారు. ‘హ్యాంబర్గర్’ హాంబర్గ్ నగరం పేరు మీద ఏర్పడింది, దాన్ని తప్పుగా విరిచినందువల్లే ‘బర్గర్’ విడి మాటగా నిలిచి ఎన్నో కొత్త మాటలకు తోకయింది. మన తెలుగు ‘పందికొక్కు’ ఇంగ్లీషులో ‘బ్యాండికూట్’ అయింది. దాన్ని ఎంత విరిచినా ఇంగ్లీషు అర్థం రాదు.

సంధి విడదీయడం తెలిసినవారికి మరింత ఆసక్తి కలిగించే రకం ఒకటుంది. ఒంటికి ముందు కట్టుకొనే ‘ఏప్రన్’ మొదట నకారంతో ‘నాప్రన్’. దాని ముందు ‘ఎ’ చేర్చి పలికినప్పుడు నకారం ఎటు చెందుతుందో చెవికి తెలియక, జనం దాన్ని ముందు మాటకు అంటగట్టి ‘ఎన్ ఏప్రన్’ అన్నారు. పాము జాతిని చెప్పే ‘ఆడర్’ కూడా ఇలాగే నకారాన్ని పోగొట్టుకొన్నది. ‘నిక్‌నేమ్’ మాత్రం దానికి తిరగబడిన రకం: ‘ఎన్ ఎకనేమ్’లోని నకారం వచ్చి మాటకు అంటుకొన్నది. ‘ఎక’ అంటే అదనం, అంటే అది అదనపు పేరు.

పరిష్కారం: ముక్కల అర్థం మొత్తం అర్థానికి సరిపోకపోతే ఆ విరుపును అక్కడే వదిలేసి, నిఘంటువులో వ్యుత్పత్తి భాగం చూడండి. ‘ఇన్’తో మొదలయ్యే మాటల్లో మరింత జాగ్రత్త అవసరం. లాటిన్‌లో ‘ఇన్’ రెండు రకాలు: ఒకటి వ్యతిరేకార్థకం, రెండోది ‘లోనికి’ అనే అర్థమిచ్చేది. ‘ఇన్‌ఫ్లేమబుల్’లో ఉన్నది రెండోది, అంటే మంట అందుకొనేది అని అర్థం. ఈ గందరగోళం ప్రాణాల మీదికి వస్తుందని గుర్తించినందువల్లే హెచ్చరిక పలకల మీద ఇప్పుడు ‘ఫ్లేమబుల్’ అనే రాస్తున్నారు. రెండూ ఒకటే, అంటుకోనిది ‘నాన్‌ఫ్లేమబుల్’.

5. ఒకే అర్థానికి రెండు మూడు మాటలు

లక్షణం: అడగడానికి ‘ఆస్క్’, ‘క్వశ్చన్’, ‘ఇంటరాగేట్’; రాజసానికి ‘కింగ్లీ’, ‘రాయల్’, ‘రీగల్’. ఏది ఎక్కడ వాడాలో తెలియదు.

కారణం: 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కొలువులోనూ న్యాయస్థానంలోనూ ఫ్రెంచి నడిచింది, ఇళ్లలో ఇంగ్లీషు నిలిచింది. ఆపైన పండితులు లాటిన్ మాటలు తెచ్చారు. వీటికి ముందే స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవారి నార్స్ మాటలు కలిశాయి; ‘దే’, ‘దెమ్’ వంటి సర్వనామాలు కూడా వారి నుంచి వచ్చినవే. ఈ పొరలు ఒకదానితో ఒకటి ఎలా తలపడ్డాయో కాక్స్‌టన్ 1490లో తాను అచ్చువేసిన ఒక అనువాదానికి ముందుమాటలో రాశాడు. నేటి నెదర్లాండ్స్‌లోని జీలండ్‌కు బయలుదేరిన వర్తకులు గాలి లేక థేమ్స్ నదిలో ఆగిపోయి ఒడ్డుకు దిగారు. వారిలో ఒకడు ఒక ఇల్లాలిని గుడ్లు అడుగుతూ నార్స్ నుంచి వచ్చిన ‘ఎగ్’ మాట వాడాడు. తనకు ఫ్రెంచి రాదని ఆమె జవాబిచ్చింది. తనకూ ఫ్రెంచి రాదు కనుక అతడికి కోపం వచ్చింది. మరొకడు దక్షిణాదివారి ‘ఐరెన్’ మాట వాడి అడిగాక గాని ఆమెకు అర్థం కాలేదు. ఈ రోజుల్లో మనిషి ఏ మాట రాయాలి అని కాక్స్‌టన్ అడిగిన ప్రశ్నకు కాలం ‘ఎగ్’ అని జవాబు చెప్పింది.

పరిష్కారం: పాత ఇంగ్లీషు మాట సన్నిహితంగా, ఫ్రెంచి మాట మర్యాదగా, లాటిన్ మాట శాస్త్రీయంగా లేదా అధికారికంగా ధ్వనిస్తుంది. స్నేహితుడిని ‘ఆస్క్’ చేస్తారు, సాక్షిని ‘క్వశ్చన్’ చేస్తారు, నిందితుడిని ‘ఇంటరాగేట్’ చేస్తారు. ఎవరితో మాట్లాడుతున్నారో తేల్చుకొంటే మాట దానంతట అదే తేలుతుంది. అనుమానం తీరకపోతే చిన్న మాటే క్షేమం.

6. పాత వాక్యంలో మాటకు నేటి అర్థం అతకదు

లక్షణం: పాత రచనలో ‘నైస్’ అన్న మాట నిందలా, ‘సిల్లీ’ అన్నది దీవెనలా కనిపిస్తుంది. లేదా రోజూ వినే సామెత తర్కానికి నిలవదు.

కారణం: ‘నైస్’ లాటిన్‌లో అజ్ఞానిని చెప్పే మాట నుంచి వచ్చింది, ఇంగ్లీషులోనూ మొదట మూర్ఖుడనే అర్థం. ‘సిల్లీ’ ధన్యుడు అనే అర్థం నుంచి అమాయకుడు, జాలిపడదగినవాడు అన్న మెట్లు దిగి తెలివితక్కువ వద్ద ఆగింది. ‘మీట్’ ఏ ఆహారానికైనా చెల్లేది, అందుకే ‘స్వీట్‌మీట్’లో మాంసం లేదు.

సామెతల్లో ఎక్కువ హాని పొందినది ‘ద ఎక్సెప్షన్ ప్రూవ్స్ ద రూల్’. నియమానికి విరుద్ధమైన ఉదాహరణ ఎదురైనప్పుడు, అదే నియమానికి రుజువన్నట్టు దీన్ని వాడుతారు. అది అసలు అర్థం కాదు. ఇది న్యాయశాస్త్రంలోని లాటిన్ సూత్రం: మినహాయింపును ప్రత్యేకంగా చెప్పారంటే, మినహాయించని సందర్భాలకు నియమం ఉన్నట్టే. ‘ఆదివారాల్లో ఇక్కడ వాహనాలు నిలపరాదు’ అని రాసి ఉంటే, మిగతా రోజుల్లో నిలపవచ్చన్న నియమం అందులోనే రుజువవుతోంది.

పరిష్కారం: పాత రచన చదివేటప్పుడు తెలియని మాటల కంటే తెలిసిన మాటలనే ఎక్కువ అనుమానించాలి. అర్థాలను కాలక్రమంలో ఇచ్చే నిఘంటువు అందుకు కావాలి. 1884లో తొలి భాగం, 1928లో చివరి భాగం వెలువడిన ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు ప్రతి అర్థానికీ తేదీలతో ప్రయోగాలు చూపుతుంది.

7. మాట వెనుక కథ మరీ ముచ్చటగా ఉంది

లక్షణం: ‘న్యూస్’ అంటే నాలుగు దిక్కుల మొదటి అక్షరాలని, ‘పాష్’ అంటే ఓడలో నీడపట్టు గదుల టికెట్ మీది ముద్ర అని, ‘శాలరీ’ అంటే రోమన్ సైనికులకు జీతంగా ఇచ్చిన ఉప్పు అని ఎవరో చెబుతారు. కథ చక్కగా అతుకుతుంది, మనసులో నాటుకొంటుంది, మరునాడు మనమే ఇంకొకరికి చెబుతాము.

కారణం: కథ గుర్తుంటుంది, తేదీ గుర్తుండదు. ‘న్యూస్’ కొత్త అనే విశేషణానికి బహువచనం మాత్రమే. ఫ్రెంచిలోనూ ఇలాంటి రూపమే ఉంది. ‘పాష్’ ముద్ర ఉన్న టికెట్ ఒక్కటీ ఇంతవరకు బయటపడలేదు. ‘శాలరీ’కి మూలమైన లాటిన్ మాటలో ఉప్పు పేరు ఉన్న మాట నిజమే గాని, సైనికులకు ఉప్పునే కొలిచి ఇచ్చారనడానికి ప్రాచీన ఆధారం లేదు. ఇలాంటి కథలను నేను గట్టిగా వ్యతిరేకిస్తాను, ఎందుకంటే అవి అబద్ధం చెప్పడంతో ఆగకుండా, అసలు చరిత్రను వెతకాలన్న కోరికనే చల్లార్చేస్తాయి.

అసలు చరిత్ర చాలాసార్లు కథ కంటే విచిత్రంగా ఉంటుంది. ‘ఓకే’నే చూడండి. 1830ల చివరలో బోస్టన్ పత్రికల్లో మాటలను కావాలని తప్పుగా రాసి, ఆ తప్పు రాతకు పొడి అక్షరాలు వాడే సరదా ఉండేది. ‘ఆల్ కరెక్ట్’ను ‘ఓల్ కొరెక్ట్’గా మార్చి ఓ.కె. అన్నారు, 1839 మార్చి 23న ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’లో అది అచ్చయింది. ఆ సరదాలో పుట్టిన తక్కిన పొడి అక్షరాలు చాలావరకు చచ్చిపోయాయి. 1840 ఎన్నికల్లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ అనుచరులు, ఆయన ఊరు కిండర్‌హుక్ పేరు కలిసివచ్చేలా ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అంటూ ఓ.కె. సంఘాలు పెట్టడంతో ఇది బతికింది. ఈ దారంతా 1960ల్లో పాత పత్రికలు తిరగేసి నిరూపించినవారు అమెరికన్ భాషా పండితుడు అలెన్ వాకర్ రీడ్.

పరిష్కారం: మాట మొదటిసారి అచ్చులో కనిపించిన సంవత్సరాన్ని, కథ జరిగిందంటున్న కాలంతో పోల్చండి. నడుమ శతాబ్దాల ఖాళీ ఉంటే కథను పక్కన పెట్టండి. పొడి అక్షరాలతో మాటలు చేసే అలవాటు 20వ శతాబ్దానికి ముందు చాలా అరుదు కనుక, పాత మాట ఏదైనా మొదటి అక్షరాల కూర్పు అని చెబితే ఆ ఒక్క కారణం చాలు, నమ్మకుండా ఉండడానికి. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ వంటి జాతీయాల దగ్గర నిఘంటువు ‘మూలం తెలియదు’ అని రాస్తే దాన్నే జవాబుగా స్వీకరించండి, ఆ ఖాళీని మరో కథతో నింపకండి.