పెన్షనర్ల సంఘం బాధ్యత వదిలేముందు ఇవి చూసుకోండి

ఈపీఎస్-95 (పీఎఫ్ ఉన్న ఉద్యోగుల 1995 నాటి పెన్షన్ పథకం) పెన్షనర్ల సంఘాన్ని ఏళ్ల తరబడి నడిపి ఇక తప్పుకుందామనుకుంటున్నారా? రాజీనామా లేఖ రాసేముందు కొంచెం ఆగండి.

అన్నిటికన్నా ముందు లైఫ్ సర్టిఫికెట్ల సంగతి, అంటే పెన్షనర్ బతికే ఉన్నారని ఏటా ఇవ్వాల్సిన ధ్రువీకరణ. మన వాళ్లు దాన్ని ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది కాబట్టి ఒక్కొక్కరి గడువు ఒక్కో నెలలో ఉంటుంది, అదంతా మీ బుర్రలోనే ఉంటుంది. పేరు, నెల, వేలిముద్ర పడుతుందా లేక ముఖం స్కాన్ చేయాలా, ఫోన్ ఎత్తే కొడుకో కోడలో ఎవరు, అన్నీ నోటుబుక్కులో రాసివ్వండి. ఒంటరిగా ఉండే వితంతు పెన్షనర్ల ఇళ్లకైతే కొత్తవాళ్లను మీరే వెంటబెట్టుకుని వెళ్లండి. ఫోన్‌లో పరిచయం చేస్తే సరిపోదు.

మీ పేరు మీద వేసిన సమాచార హక్కు దరఖాస్తులు ఏమైనా పెండింగ్‌లో ఉన్నాయా? జవాబు మీ ఇంటికే వస్తుంది, అది అందాక మొదటి అప్పీలుకు 30 రోజులే టైము, కాబట్టి వాటిని మీరే ముగించండి. కోర్టు కేసులో పిటిషనర్ మీరైతే ముందు లాయర్‌తో మాట్లాడండి.

బ్యాంకు సంతకాల మార్పుకు తీర్మానం కాపీ కావాలి. కొత్త కమిటీ వివరాలు సొసైటీల రిజిస్ట్రార్‌కూ ఇవ్వాలి. లెక్కలు సభ్యుల ముందు చదివి, మినిట్స్ బుక్కులో సంతకాలు పెట్టించండి.

బీరువాలో ఉన్న పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) కాపీలు, ఆధార్ జిరాక్సులు ఎవరివి వాళ్లకు ఇచ్చేయండి. దయచేసి వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. గ్రూపు అడ్మిన్‌గా ఇంకొకరిని చేశాకే బయటికి రండి.