గేదె పాలలో ఎస్‌ఎన్‌ఎఫ్ పెంచడం ఎలా? చెక్క బస్తా కొనే ముందు చదవండి

పాల కేంద్రంలో ఎస్‌ఎన్‌ఎఫ్ తక్కువ వచ్చిందంటే చాలామంది మర్నాడే పత్తి చెక్క (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి) బస్తా దింపుతారు. ప్రోటీన్ పెడితే పాలలో ప్రోటీన్ పెరుగుతుందని లెక్క. నెల తిరిగినా అంకె కదలదు, డబ్బు మాత్రం పోతుంది. ఏ ఊరికి వెళ్లినా ఇదే తంతు.

పాలలో నీళ్లూ వెన్నా పోగా మిగిలేదే ఎస్‌ఎన్‌ఎఫ్. అందులో లాక్టోజ్ అనే పాల చక్కెర పెద్దగా మారదు. మేపుతో మనం కదిలించగలిగేది ప్రోటీన్‌నే. గేదె పాలలో అది సుమారు 4 శాతం, అందులో దాదాపు 80 శాతం కేసిన్. పెరుగు గట్టిగా తోడుకునేది దానివల్లే.

కేసిన్ పొదుగులోని కణాల్లో తయారవుతుంది. ఈనే వేళకు రక్తంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పడిపోతుంది. అప్పుడు ప్రొలాక్టిన్, కార్టిసాల్, ఇన్సులిన్ అనే హార్మోన్లు కలిసి కేసిన్ జన్యువులను పనిలోకి దింపుతాయి. ఆ తర్వాత రోజూ మన చేతిలో ఉండేది ఇన్సులిన్. 1990ల్లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆవులకు ఇన్సులిన్ ఎక్కిస్తూ, గ్లూకోజ్ పడిపోకుండా చూసుకున్నారు. పాలలో ప్రోటీన్ పెరిగింది. ప్రోటీన్‌కు ముడిసరుకైన అమైనో ఆమ్లాలు కూడా అందిస్తే ఇంకా బాగా పెరిగింది. రెండూ కలిస్తేనే పూర్తి ఫలితం. అలాగని మనం సూదులు వేయక్కర్లేదు, వేయకూడదు కూడా. ఆ పని మేతే చేస్తుంది.

1. ముందు పొదుగు చూడండి. మొదటి ధారలు నల్లటి గుడ్డ మీద పిండండి. తరకలు కనిపిస్తే పొదుగువాపు. అది ఉన్నంతకాలం కేసిన్ తగ్గుతూనే ఉంటుంది, వైద్యం చేయించాకే మిగతాది.

2. దాణా కలపండి. 100 కిలోలకు మొక్కజొన్న నూక 35, చెక్క 30, తవుడు 32, మినరల్ మిక్చర్ 2, ఉప్పు 1. చెక్క ఒకటే రకం వద్దు. వేరుశనగ చెక్కలో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పత్తి చెక్కలో లైసిన్ అనేది తక్కువ. సగం సోయా చెక్క ఉండాల్సిందే. నూనె తీయని తవుడు ఎక్కువైతే పాలలో ప్రోటీన్ శాతం తగ్గుతుంది, నూనె తీసిందే వాడండి. దాణా ఉడకబెట్టొద్దు, నానబెడితే చాలు.

3. పచ్చిమేత. కోసిన నేపియర్ గడ్డితో పాటు పిల్లిపెసర గానీ అలసంద గానీ వేయండి. నా ఓటు పిల్లిపెసరకే.

4. నూక పెంచడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే, నిదానంగా చదవండి.

గేదె పొట్టలోని సూక్ష్మజీవులు చెక్కలోని నత్రజనితో తమ శరీరాలు కట్టుకుంటాయి. పేగులో గేదెకు అందే అమైనో ఆమ్లాల్లో సగానికి పైగా ఆ సూక్ష్మజీవుల నుంచే వస్తాయి. వాటికి శక్తి కావాలి, అది పిండిపదార్థం ఇస్తుంది. అదే పిండిపదార్థం ప్రొపియోనిక్ ఆమ్లంగా మారి, కాలేయంలో గ్లూకోజ్ అయి, ఇన్సులిన్‌ను పెంచుతుంది. నూక లేకుండా చెక్క మాత్రమే పెంచితే నత్రజని అమ్మోనియాగా మారి, యూరియా అయి మూత్రంలో పోతుంది. మీరు చెక్కకు పెట్టిన డబ్బు పోయేది అక్కడే.

అలాగని ఒక్కరోజులో నూక కుమ్మరిస్తే గేదె ప్రాణానికే ముప్పు. పొట్టలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయి మేత మానేస్తుంది, కూలబడిపోతుంది. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం తట్టలకొద్దీ పెట్టి గేదెలను పోగొట్టుకున్న ఇళ్లు మన పల్లెల్లో తక్కువేమీ కాదు. నూక కలిపిన దాణాను మూడు నాలుగు రోజులకోసారి పావు కిలో చొప్పున మాత్రమే పెంచండి. ముందు ఎండుగడ్డి, తర్వాతే దాణా. రోజు దాణాను రెండు మూడు పూటలకు పంచండి.

ప్రతి పెంపు తర్వాత పేడ చూడండి. పలచబడి, పుల్లటి వాసన వేసి, నూక గింజలు కనిపిస్తే వెంటనే వెనక్కి తగ్గండి. పడుకున్న గేదె నెమరు వేస్తోందా అని మధ్యాహ్నం ఓసారి గమనించండి. నెమరు ఆగితే నూక ఆపి డాక్టరును పిలవండి. కేంద్రం చీటీలో వెన్న శాతం ఉన్నట్టుండి పడిపోయినా అది హెచ్చరికే, ఎస్‌ఎన్‌ఎఫ్ పెరిగిందని సంబరపడొద్దు.

చివరికి రెండు లీటర్ల పాలకు ఒక కిలో దాణా, ఒంటి పోషణకు ఇంకో కిలోన్నర. ఇంతకు మించొద్దు.

5. నీళ్లు, నీడ. తొట్టిలో నీళ్లు ఎప్పుడూ ఉండాలి. ఎండ దెబ్బకు మేత తగ్గుతుంది, ప్రోటీన్ కూడా. వేసవిలో మధ్యాహ్నం గేదెను తడపండి.

ఆక్సిటోసిన్ సూదితో పాలు చిక్కబడతాయనే మాట నమ్మొద్దు. అది పొదుగులో తయారై ఉన్న పాలను చేపిస్తుంది తప్ప ఒక్క గ్రాము ప్రోటీన్ కూడా పుట్టించదు.

దాణా పూర్తి స్థాయికి చేరాక మూడు వారాలు ఆగి పరీక్ష చేయించండి. ఉదయం, సాయంత్రం రెండు పూటల పాలూ, పూర్తిగా పితికి బాగా కలిపిన తర్వాతే నమూనా తీయండి.